మాట పడిపోతే మతి పడిపోదు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా, పక్షవాతంతో మంచం పట్టిన మనిషి గురించి ఇంటివాళ్ళు చెప్పే మాట ఒకటే. ‘‘కాలూ చెయ్యీ పడిపోయాయండీ, మాట కూడా పడిపోయింది, ఇక ఆయనకేం తెలియట్లేదు.’’ కాలూ చెయ్యీ సంగతి కంటికి కనిపిస్తుంది. మాట సంగతి చెవికి తెలుస్తుంది. ఏం తెలియట్లేదన్నది మాత్రం ఎవరూ పరీక్షించి తేల్చింది కాదు, మొదటి రెండిటి వెనకాలే వచ్చి చేరిన ఊహ. ఆ ఊహనే చుట్టపక్కాలు నమ్ముతారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ నమ్ముతాడు, బ్యాంకులో గుమాస్తా నమ్ముతాడు. రౌండ్సుకు వచ్చిన డాక్టరు సైతం చాలాసార్లు మంచం మీదున్న మనిషిని వదిలేసి పక్కన నిలబడ్డ కొడుకుతోనే మాట్లాడి వెళ్ళిపోతాడు. నిన్నటిదాకా పత్తికి ఏ మందు కొట్టాలో, మిర్చిని ఈ వారమే యార్డుకు తోలాలో కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలో తేల్చి చెప్పిన మనిషిని ఇవాళ తన ఒంటి గురించి కూడా ఎవరూ అడగరు.

ఈ నమ్మకం తప్పు. నూట అరవై ఏళ్ళకు పైగా మెదడు మీద జరిగిన పరిశోధన ఇది తప్పని చెబుతోంది. మన చట్టం తప్పని చెబుతోంది. నిదానించి చూసేవాళ్ళకు మన పంచల్లోనూ కల్లాల్లోనూ రుజువులు దొరుకుతూనే ఉన్నాయి.

ముందు ఈ తీర్పు ఎలా పుడుతుందో చూద్దాం. పరామర్శకు వచ్చినవాళ్ళను గమనించండి. గడప దాటి మంచం దగ్గరికి రాగానే అడిగే మొదటి ప్రశ్న, ‘‘ఏం బాబాయ్, నేనెవర్నో చెప్పు?’’ బాబాయ్ ముఖంలోకి చూస్తాడు. నోరు తెరుస్తాడు. వచ్చిన మాట అడిగినవాడి పేరు కాదు, వాళ్ళ అన్న పేరో, అసలు పేరే కాని ఏదో శబ్దమో. ‘‘అయ్యో, గుర్తు పట్టలేదు పాపం’’ అని తీర్పు అయిపోతుంది. అదే నిమిషంలో ఆ మనిషి ఇంకేం చేశాడో ఎవరూ చూడరు. ఎడమ చేత్తో మంచం మీద దుప్పటి పక్కకు లాగి కూర్చోమని చోటు చూపించాడు. వంటింటి వైపు తిరిగి భార్యకు సైగ చేశాడు, కాఫీ పెట్టమని. వచ్చినవాడెవరో, తనకేమవుతాడో, అతనికి ఏ మర్యాద చెయ్యాలో అన్నీ తెలిసిన మనిషి చేసే పనులవి. కుదరనిది ఒక్కటే, ఆ పేరు నోటికి అందడం. మాట పోయినవాడిని ముందుగా మాటతోనే పరీక్ష పెట్టి, తప్పాడు కాబట్టి మతి లేదని తేల్చడం కుంటివాడిని పరుగు పెట్టమని అడిగి పడిపోతే గుడ్డివాడనడం లాంటిది.

స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి కలిగే ఈ స్థితిని వైద్యులు అఫేసియా అంటారు. చాలామందిలో మెదడు ఎడమ సగంలో ఉండే భాషా యంత్రాంగం దెబ్బతినడం వల్ల వస్తుంది. కుడి కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళకే మాట పడిపోవడం ఎక్కువగా చూస్తాం. కారణం తేలిక. కుడి పక్క అవయవాలను నడిపేదీ మెదడులోని ఎడమ సగమే. ఒకే పెద్ద రక్తనాళం ఈ రెండు చోట్లకూ నెత్తురు అందిస్తుంది. అక్కడ గడ్డ అడ్డుపడితే రెండూ కలిసి దెబ్బతింటాయి. ఆలోచన, జ్ఞాపకం, మనుషుల ముఖాలు, లెక్క, న్యాయాన్యాయాల తూకం ఇవన్నీ ఆ ఒక్క చోటే లేవు.

మాట పుట్టడం ఒక్క పని కాదని అర్థమైతే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒక వస్తువును చూసి దాని పేరు పైకి అనడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి అర సెకనుకు కాస్త పైన పడుతుంది. ఆ కాస్తలో మెదడు చూసినదేమిటో తెలుసుకుంటుంది, దానికి తగ్గ మాటను వెతుకుతుంది, వాక్యంలో ఇమిడేలా ఆ మాటకు రూపం ఇస్తుంది, శబ్దాలను వరసగా పేర్చుకుంటుంది, పెదవులకూ నాలుకకూ గొంతుకూ ఊపిరికీ ఆజ్ఞలు పంపుతుంది. ఇది ఊహించి చెప్పింది కాదు. మూర్ఛ వ్యాధి ఆపరేషన్ కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల సాయంతో నెడ్ సహిన్ బృందం మెదడులో మాటకు సంబంధించిన బ్రోకా ప్రాంతంలోని సంకేతాలను నేరుగా కొలిచి 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. మాటను పట్టుకోవడం దాదాపు 200 మిల్లీసెకన్ల దగ్గర, వ్యాకరణ రూపం 320 దగ్గర, శబ్ద రూపం 450 దగ్గర, మూడూ వేరువేరుగా కనిపించాయి. 2015లో అడీన్ ఫ్లింకర్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. మాటకు కేంద్రమని మనం పాఠాల్లో చదువుకున్న ఆ బ్రోకా ప్రాంతం, నోరు కదిలే సమయానికి తన పని ముగించుకుని దాదాపు ఊరుకుంటుంది. సిద్ధం చేయడం దాని వంతు, పలికించడం వేరే భాగాల వంతు.

నాగార్జునసాగర్ కుడి కాలువ నిండా నీళ్ళున్నా తూము పూడుకుపోతే చేలోకి చుక్క రాదు. చేను ఎండిందని చూసి సాగర్‌లో నీళ్ళే లేవని ఏ రైతూ అనడు, తూము దగ్గరికి వెళ్ళి చూస్తాడు. మనిషి దగ్గర మాత్రం ఆ పాటి వెతుకులాట కూడా చెయ్యం.

ఈ శాస్త్రం ఎక్కడ మొదలైందో ఆ మొదటి రోగి కథే మన నమ్మకానికి పెద్ద ఖండన. 1861 ఏప్రిల్‌లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే 51 ఏళ్ళ మనిషిని కాలికి కుళ్ళు పట్టిందని సర్జన్ పాల్ బ్రోకా దగ్గరకు తెచ్చారు. అతను ఏం అడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. ఆస్పత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. అతను చనిపోయాక బ్రోకా మెదడు తీసి చూసి, ఎడమ వైపు ముందు భాగంలో గాయం ఉందని లోకానికి చూపాడు. పాఠ్యపుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి. బ్రోకా ఆ మెదడును చూడక ముందు ఆ మనిషిని ఎలా చూశాడన్నది నాకు అంతకంటే ముఖ్యం. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళయిందని అడిగితే లెబోర్న్ ఎడమ చెయ్యి అయిదు వేళ్ళూ నాలుగుసార్లు తెరిచి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా అంతే. మర్నాడు అదే ప్రశ్న అడిగితే అదే జవాబు. మూడోసారి అడిగేసరికి, తనను పరీక్షిస్తున్నారని గ్రహించి కోపంతో తిట్టాడు. గడియారం చూపిస్తే టైము చెప్పగలిగాడు. మాట పోయి ఇరవై ఏళ్ళు దాటిన మనిషికి లెక్క తెలుసు, కాలం తెలుసు, తనను అవమానిస్తున్నారేమోనన్న అనుమానం తెలుసు. బ్రోకా ఆ సంగతి రాసి పెట్టాడు. ఇన్నేళ్ళు గడిచాక మన వార్డుల్లో ఆ చిన్న పరీక్ష పెట్టేవాళ్ళు ఎంతమంది?

పారిస్‌లో దాచి ఉంచిన ఆ మెదడును 2007లో నీనా డ్రాంకర్స్ బృందం ఎమ్మారైలో పెట్టి చూసింది. గాయం బ్రోకా చెప్పిన పై భాగంలోనే ఆగలేదు, లోపలి తంతువుల దాకా, దూరపు భాగాలను కలిపే మార్గాల దాకా పోయింది. అంత లోతైన గాయంతోనూ ఆ మనిషి తన వేళ్ళ మీద తన జీవితాన్ని లెక్కపెట్టగలిగాడు.

‘‘ఎక్కడో పారిస్ కథ మాకెందుకు’’ అనేవాళ్ళకు హైదరాబాద్ లెక్క చెబుతాను. నిమ్స్ ఆస్పత్రి స్ట్రోక్ రిజిస్ట్రీలోని 608 మంది రోగుల వివరాలతో సువర్ణ అల్లాడి బృందం చేసిన అధ్యయనం 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో స్ట్రోక్ తరువాత ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవాళ్ళు 40.5 శాతం. ఒకే భాష తెలిసినవాళ్ళలో 19.6 శాతం. రెండింతల తేడా. మాట పోవడంలో మాత్రం ఈ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే స్ట్రోక్ తరువాత మతి ఒక లెక్కన నడిచింది, మాట ఇంకో లెక్కన నడిచింది. రెండూ ఒకటే అయితే ఇలా జరగదు. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన మన మనుషుల మధ్యే తేలిన ఈ సంగతి మన ఆస్పత్రుల వరండాల్లో ఎవరూ చెప్పరు.

ఇంగ్లండులో 2005లో రోజ్‌మేరీ వార్లీ బృందం ముగ్గురు మనుషులను పరీక్షించింది. మనిషి సింహాన్ని చంపాడన్నా, సింహం మనిషిని చంపిందన్నా తేడా పట్టలేనంతగా వాళ్ళ వ్యాకరణం దెబ్బతింది. కానీ పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసెయ్యడానికీ, చిన్న సంఖ్యలోంచి పెద్దది తీసెయ్యడానికీ తేడా వాళ్ళకు బాగా తెలుసు. బ్రాకెట్లున్న లెక్కలూ చేశారు. రష్యన్ స్వరకర్త విస్సారియన్ షెబాలిన్ 1959లో వచ్చిన రెండో స్ట్రోక్‌తో మాటకు దూరమయ్యాక కూడా ఐదో సింఫనీ రాశాడు. స్వీడిష్ కవి టొమాస్ ట్రాన్‌స్ట్రోమర్‌కు 1990లో మాట పోయింది. ఆ తరువాత కూడా పుస్తకాలు వెలువరించాడు, 2011లో నోబెల్ అందుకున్నాడు. మాటే మనిషి వృత్తిగా ఉన్న కవి విషయంలోనే లోకం తొందరపడి తీర్పు ఇవ్వకపోతే, మన రైతు విషయంలో మనకు తొందరెందుకు?

మార్చి ఎండలో ప్రత్తిపాడు వైపు ఒక మిరప కల్లంలో నేను చూసిన పెద్దాయన సంగతి చెప్పాలి. కుడి చెయ్యి ఒడిలో పడి ఉంది. నోటి నుంచి వచ్చేది రెండే శబ్దాలు. కొడుకు పరాయివాళ్ళతో చెప్పినట్టు నాతో, ‘‘ఏదో కాలక్షేపానికి కూర్చోబెట్టామండీ’’ అన్నాడు. పెద్దాయన ఎడమ చేత్తో కాయలు ఏరుతున్నాడు. తెల్లబారిన తాలు ఒక పక్కకు, మచ్చ ఉన్నవి ఇంకో పక్కకు, నిండు ఎరుపు కాయ గుట్టలోనే. కూలికొచ్చిన ఒకమ్మాయి మచ్చకాయను ఎర్ర గుట్టలో వేస్తే, ఆయన దాన్ని తీసి ఆమె కళ్ళ ముందు పెట్టి తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి మోటారు సైకిల్ మీద బేరగాడు వచ్చి కొడుకుతో క్వింటా ధర మాట్లాడుతుంటే, పెద్దాయన గొంతుతో గట్టిగా శబ్దం చేశాడు. కొడుకు తిరిగి చూడలేదు. రెండోసారి చేశాడు. చెయ్యెత్తి వేళ్ళు చూపించాడు, బేరగాడు చెప్పినదానికంటే ఎక్కువ. ‘‘నువ్వుండు నాన్నా’’ అన్నాడు కొడుకు. ఆ వేళ్ళలో ఉన్నది నలభై ఏళ్ళ వ్యవసాయం. మన పశువుల సంతల్లో తువాలు కింద వేళ్ళు పట్టుకుని, పెదవి కదపకుండా ఎద్దుల జత బేరం తెంచిన మనుషులం మనం. వేళ్ళతో బేరం అర్థం చేసుకోవడం మనకు చేతకాని విద్య కాదు.

మతి పోయిందనేవాళ్ళు చూపించే పెద్ద రుజువు బూతు. ఒక్క మాట సరిగ్గా రాని మనిషి, మంచినీళ్ళు అనలేని మనిషి, ఉన్నట్టుండి స్పష్టంగా తిట్టేస్తాడు. ఆడవాళ్ళు నొచ్చుకుంటారు. ‘‘జీవితంలో ఒక్క బూతు ఎరగడు, పిచ్చి ఎక్కింది’’ అంటారు. పిచ్చి కాదు. మనం ఆలోచించి కూర్చుకునే మాట ఒక రకం, అలవాటుగా ఊడిపడే మాట మరో రకం. ఈ తేడాను పందొమ్మిదో శతాబ్దంలోనే హ్యూలింగ్స్ జాక్సన్ చెప్పాడు. తిట్టు, దేవుడి పేరు, ఒకటీ రెండూ మూడూ అని వరసగా లెక్కపెట్టడం, వారాల పేర్లు, పాట ఇవి ఎడమ సగం దెబ్బతిన్నా చాలామందిలో మిగిలిపోతాయి. లెబోర్న్ నోట మిగిలిన ఇంకొక్క మాట కూడా తిట్టే, తాను చెప్పేది ఎదుటివాడికి అర్థం కానప్పుడు వచ్చేది. మీ ఇంట్లో మనిషి తిట్టాడంటే, ఏదో చెప్పబోయి చెప్పలేక విసిగిపోయాడేమో చూడండి. ఆ తిట్టు మీ మీద కాదు.

పాట సంగతి ఇంకా ఆశ కలిగించేది. పద్యనాటకాలంటే ప్రాణం పెట్టే సీమ మనది. రాయబారం పద్యాలకు రాత్రంతా కూర్చున్న తరం వాళ్ళకే ఇప్పుడు స్ట్రోకులు వస్తున్నాయి. సొంతంగా రెండు మాటలు కూర్చలేని మనిషి, ఎవరైనా రాగం అందుకుంటే పద్యం వెంట చాలా దూరం వెళ్ళగలడు. ఇది వింత కాదు. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఈ రాగం దారి పట్టించి మాట నేర్పే చికిత్సను తయారుచేశారు. మన ఇళ్ళలో ఆ పద్యం విని ‘‘అదుగో, మాట వచ్చేసింది’’ అని సంబరపడి, మర్నాడు మామూలు మాట రాకపోతే ‘‘కావాలనే మాట్లాడట్లేదు’’ అని కోప్పడటం చూస్తాం. రెండూ ఆయనకు చేసే అన్యాయమే.

ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాల్సిన సంగతి ఉంది. అఫేసియా అందరిలో ఒకేలా ఉండదు. కొందరికి మాట రాదు గానీ ఎదుటివాళ్ళు చెప్పేది చాలా మటుకు తెలుస్తుంది. 1874లో కార్ల్ వెర్నికె చెప్పిన రకంలో మాట ధారాళంగా వస్తుంది, అర్థం ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ సరిగా అందదు. పెద్ద స్ట్రోకుల్లో రెండూ పోతాయి. కొందరిలో అఫేసియాతోపాటు జ్ఞాపకం, దృష్టి నిలపడం కూడా దెబ్బతింటాయి. కాబట్టి అందరికీ అన్నీ తెలుసని నేను అనను. ఎవరికి ఎంత తెలుసో చూడకుండా ఏమీ తెలియదనడం మోసం అంటాను. భాష అందకపోవడం కూడా బుద్ధి లేకపోవడం కాదు. చైనాలో దిగిన మనకు అక్కడివాళ్ళ మాట ఒక్కటీ తెలియదు, అంతమాత్రాన మన పొలం గట్టు ఎక్కడుందో మరిచిపోం. అవును అనబోయి కాదు అనడం, కాదు అనబోయి అవును అనడం ఈ జబ్బులో మామూలే. అందుకే ఒకే ప్రశ్నను తిప్పి అడగాలి. ‘‘పొలం పెద్దోడికి రాయమంటావా?’’ అని అడిగి, కాసేపాగి ‘‘చిన్నోడికి రాయమంటావా?’’ అని అడగాలి, రెండిటికీ తల ఊపితే ఆ తల ఊపుడుకు విలువ లేదు. తల, చెయ్యి, చూపు, బొమ్మ, రాత ఇన్ని దారులున్నాయి. టొరంటోలో ఆరా కాగన్ ఈ పద్ధతికి శిక్షణ రూపం ఇచ్చింది. మొదటి సూత్రం చాలా చిన్నది, ‘నీకు తెలుసని నాకు తెలుసు’ అని రోగికి ముందుగా చెప్పడం. కాగితం, కలం, కాస్త ఓపిక తప్ప దీనికి కావాల్సిన సామగ్రి లేదు.

పొలం మాట వచ్చింది కాబట్టి అసలు నొప్పి అక్కడే ఉందని చెప్పక తప్పదు. ఏమీ తెలియదన్న నాలుకే, దస్తావేజు రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ‘‘అన్నీ తెలుసండీ, మాట మాత్రం రాదు’’ అంటుంది. నాలుగు నెలలుగా కూర ఏం వండాలో కూడా అడగని మనిషి బొటనవేలు ఆ రోజు అవసరమవుతుంది. ఒకరు చెయ్యి పట్టుకుంటారు, ఒకరు సిరా పూస్తారు, నిశానీ పడిపోతుంది. ఈ రెండు నాలుకల మాటే ఈ నమ్మకంలోని డొల్లతనానికి సాక్ష్యం. ఆయనకు తెలియదనడం కొన్నాళ్ళు మనకు వీలు, తెలుసనడం కొన్నాళ్ళు మనకు వీలు.

చట్టం ఇంత గందరగోళంగా లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ స్వస్థచిత్తం అంటే ఏమిటో చెప్పింది. ఒప్పందం ఏమిటో అర్థం చేసుకుని, తన లాభనష్టాల మీద దాని ప్రభావాన్ని తూచగలగడం. నోరు అన్న మాట అందులో లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం మైనర్, మతిలేనివాడు అని అధికారికి తోస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలి, మాట రాదన్న కారణం అక్కడా లేదు. కదలలేని మనిషి ఇంటికి అధికారే వెళ్ళే వీలు కూడా అదే చట్టంలో ఉంది. 1885లోనే అలహాబాద్ హైకోర్టు, అబ్దుల్లా కేసులో, గొంతు కోయడంతో మాట్లాడలేక చేతి సైగలతో జవాబిచ్చిన దులారి అనే అమ్మాయి మరణ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అఫేసియాను పేరు పెట్టి మరీ వాక్, భాషా వైకల్యాల్లో చేర్చింది. ఆస్తి కలిగి ఉండటానికీ తన డబ్బు వ్యవహారాలు చూసుకోవడానికీ వికలాంగులకు అందరితో సమానంగా హక్కుందని 13వ సెక్షన్ చెబుతోంది. నోరు పడిపోయిన రైతు ఈ చట్టం కింద హక్కుదారు. ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

ఏమీ తెలియదన్న నమ్మకం పక్కనే దానికి తోడుగా ఇంకొకటి ఉంది, జబ్బంతా నాలుకలో ఉందని. ‘‘నాలుక మొద్దుబారింది’’ అని తేనెలో వస అరగదీసి రుద్దుతారు, పావురం మాంసం తినిపిస్తారు. నాలుక పెదవి తడుపుకుంటూ, అన్నం ముద్ద తిప్పుకుంటూ ఉంటే మొద్దుబారిందెక్కడ? నాలుకా పెదవులూ నిజంగానే బలహీనపడి మాట ముద్దగా వచ్చేవాళ్ళూ ఉన్నారు, అది వేరే సమస్య, దాన్ని డిసార్త్రియా అంటారు. పైగా స్ట్రోక్ తరువాత చాలామందికి మింగడం సరిగా ఉండదు. అలాంటి మనిషి నోట్లో తేనె, పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మూతి వంకర పోయిన గంటలో, మాట తడబడిన గంటలో చెయ్యాల్సింది 108కి ఫోన్ చెయ్యడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. నాటు మందు కోసం పొరుగూరికి పోయి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది.

‘‘మూడు నెలల్లో రాని మాట ఇక రాదు’’ అన్నది ఇంకో తీర్పు. మొదటి నెలల్లో వేగం ఎక్కువన్నది నిజమే. ఆ తరువాత తలుపు మూసుకుపోతుందన్నది అబద్ధం. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్ళ మీద జర్మనీలో పెద్ద ఎత్తున చేసి 2017లో ‘లాన్సెట్’లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం 10 గంటల చొప్పున 3 వారాలు గట్టిగా స్పీచ్ థెరపీ ఇస్తే రోజువారీ మాటలో మెరుగు కనిపించింది. మన దగ్గర చేతికీ కాలికీ ఫిజియోథెరపీ అని మోటారు సైకిల్ మీద ఊరికి మనిషి వస్తాడు. మాటకు ఎవరూ రారు. 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు రాష్ట్రం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది, మంచి పని. కానీ ఆ ఇంట్లో మాట తిరిగి తెప్పించే ప్రయత్నానికి నరసరావుపేటలోనూ చిలకలూరిపేటలోనూ అద్దంకిలోనూ సామాన్యుడు వెళ్ళగలిగే చోటు ఎక్కడుంది? ఆ చికిత్స కూడా మన బతుకులోంచి రావాలి. బోస్టన్ నేమింగ్ టెస్టులో ఇగ్లూ, ప్రెట్‌జెల్ బొమ్మలుంటాయి. మన మనిషికి చూపించాల్సింది కొడవలి, కవ్వం, రోకలి, మిర్చి టిక్కీ, మందు కొట్టే స్ప్రేయర్. నిమ్స్ బృందం తెలుగులోకి మార్చిన పరీక్షలతో పని చేసి దారి చూపింది. ఆ దారి జిల్లా ఆస్పత్రి దాకా రావాలి.

ఈ మధ్య కొందరు చదువుకున్నవాళ్ళు ఇంకో మాట అంటున్నారు, మెదడులో చిప్పు పెట్టి మాట్లాడిస్తారట కదా, ఇక చింతెందుకని. ఆ పరిశోధన గొప్పదే. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం 2019లో మెదడు సంకేతాల నుంచి నేరుగా గొంతును పుట్టించి చూపింది. ఆ పరిశోధన వ్యాసానికి మొదటి రచయిత గోపాల అనుమంచిపల్లి మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదివినవాడు. 2021లో, స్ట్రోక్‌తో పదిహేనేళ్ళకు పైగా మాట లేని ఒక మనిషి తలపెట్టిన మాటలను తెర మీద అక్షరాలుగా చూపించారు. 2023లో ఒక మహిళ మెదడు మీద 253 ఎలక్ట్రోడ్ల పలక ఉంచి నిమిషానికి 78 మాటల వేగం సాధించారు. అయితే వీళ్ళిద్దరికీ ఉన్నది అఫేసియా కాదు. భాష చెక్కుచెదరలేదు, మెదడు కాండంలో స్ట్రోక్ వల్ల ఆజ్ఞలు కండరాలకు అందడం లేదు. మన పంచలో కూర్చున్న చాలామంది పెద్దాయనలకు ఆ యంత్రం ఇప్పుడున్న రూపంలో పనికిరాదు. దాని నుంచి మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. పదిహేనేళ్ళ మౌనం తరువాత కూడా ఆ మనిషి లోపల మాటల ఆజ్ఞలు బతికే ఉన్నాయి. ఆ పదిహేనేళ్ళూ ఆయన్ను ఖాళీ మనిషి అనుకున్నవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ఘోరంగా పొరబడ్డారు.

గుంటూరు, ఒంగోలు పెద్దాస్పత్రుల్లోనూ ప్రతి ఏరియా ఆస్పత్రిలోనూ స్పీచ్ థెరపిస్టు ఉండాలి. స్ట్రోక్ రోగిని ఇంటికి పంపేటప్పుడు మాత్రల చీటీతోపాటు, ఆయనకు ఎంత అర్థమవుతోందో, ఆయనతో ఎలా మాట్లాడాలో తెలుగులో రాసి ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్లు మాట రాని మనిషి దస్తావేజు వచ్చినప్పుడు వారసులను బయట నిలబెట్టి, ప్రశ్నను తిప్పి తిప్పి అడిగి, సైగలనూ తల ఊపుడునూ నమోదు చెయ్యాలి. ఇవి ప్రభుత్వం చెయ్యాల్సినవి.

ఇంట్లో చెయ్యాల్సిన వాటికి ఎవరి జీవో అక్కర్లేదు. నేనెవర్నో చెప్పు అని అడగడం మానండి. మీరెవరో మీరే చెప్పి, ఆయన పక్కన కూర్చోండి. టీవీ ఆపి, ఒక్కొక్క ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగండి. పత్తి ధర ఎంత పలికిందో, కాలువ ఎప్పుడు వదిలారో ఆయనకు చెప్పండి. బేరగాడు వచ్చినప్పుడు ఆయన చూపించే వేళ్ళు లెక్కపెట్టండి. ఏదైనా కాగితం మీద ఆయన బొటనవేలు పట్టుకునే ముందు అందులో ఏముందో ఆయనకు చదివి వినిపించండి. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుంటే, ఒప్పుకోలేదని రాసుకుని ఆ కాగితం మడిచి పక్కన పెట్టండి.